21 అంకెల నంబరు, మూడేండ్ల ఐతారాలు

రెండేండ్ల కింద మా మండలంల ఒక అవ్వకు పంట నష్టం పైసలు పడలేదు. ఊర్ల చానామందికి పడ్డయి. ఆమెకూ, ఇంకో పదకొండు మందికీ పడలేదు. నాలుగు సార్లు ఆఫీసు చుట్టూ తిరిగింది. పోయినప్పుడల్లా ఒక్కటే మాట: "సిస్టంల అన్నీ కరెక్టుగనే ఉన్నయి, బ్యాంకుల అడుగు." బ్యాంకుకు పోతే "మా దగ్గరికి రానే రాలేదు" అన్నరు. ఆఖరికి నా దగ్గరికొచ్చి, "బిడ్డా, జర నువ్వన్న సూడు" అన్నది.

నేను పెద్ద సదువు సదివినోన్ని కాదు. పాస్‌బుక్కు ఒక చేతుల, ఆఫీసు లిస్టు ఇంకో చేతుల పట్టుకొని, ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి చూసుకుంట పోయిన. ఖాతా నంబరు 16 అంకెలు. 15 అంకెలు మంచిగనే ఉన్నయి. ఆఖరి అంకె పాస్‌బుక్కుల 7, లిస్టుల 0. తక్కిన పదకొండు మందివి తీసిన. అందరివీ 16 అంకెల నంబర్లే, అందరికీ ఆఖర్ల 0. 11 అంకెల ఖాతా ఉన్నోళ్లకు ఏ తిప్పలూ లేదు.

పన్నెండు మంది ఖాతాలు అనుకోకుంట 0 తోనే అయిపోవాల్నంటే అది లక్ష కోట్లల్ల ఒక్కసారి అయ్యే ముచ్చట. అంటే నంబర్లు ఎక్కించే కాడనే ఏదో తప్పు జరిగింది. ఎవలో దొంగతనం చేసిండ్రని కాదు. ఎక్సెల్‌ల ఒక సంఖ్యను మామూలు సంఖ్య లెక్కనే ఎక్కిస్తే, అది మొదటి 15 అంకెలే ఉంచుకుంటది. 16వ అంకె నుంచి సున్న పెట్టేస్తది. ఇది సంఖ్య కాదు, రాత లెక్క ఉంచు అని ముందే చెప్పి ఎక్కిస్తే ఈ పంచాది రాదు. గంతే సంగతి.

తప్పు దొరుకుడుకు నాకు అరగంట గూడ పట్టలేదు. మరి అవ్వ నాలుగు సార్లు ఎందుకు తిరగాల్సొచ్చింది? రెండు కాయితాలు పక్కపక్కకు పెట్టి ఎవలూ చూడలేదు. 16 అంకెలను చూసి అందరూ బెదిరిండ్రు. "గంత పెద్ద నంబరు, కంప్యూటర్ల నుంచి వచ్చింది, గది తప్పెట్లుంటది" అనుకున్నరు.

ఆ దినం నుంచి నాకు ఒక ముచ్చట చెప్పాల్నని ఉన్నది. పెద్ద నంబరును ఒకళ్లు కనిపెట్టుడు కష్టం కావొచ్చు, సరిచూసుడు మటుకు చానాసార్లు అలకగనే ఉంటది. ఈ మాట నాది కాదు, లెక్కల శాస్త్రంల ఉన్నదే. దానికి ఒక అసలైన నంబరు కథ ఉన్నది. అవ్వ ఖాతాకంటే ఐదు అంకెలు ఎక్కువ, 21 అంకెలు. ఇగో ఇది:

147573952589676412927

మన లెక్కల చదవాల్నంటే, కుడి దిక్కు నుంచి ఏడేడు అంకెలు కట్టలు కట్టుకోండ్రి: 14,75,739 కోట్ల కోట్లు, 52,58,967 కోట్లు, 64,12,927. నోరు తిరుగకపోతే ఫికర్ లేదు. ఇది ఎట్ల పుట్టిందో తెలిస్తే చాలు.

చదరంగం గింజల కథ మీరందరూ విన్నదే. మొదటి గడిల ఒక గింజ, రెండో గడిల రెండు, మూడో గడిల నాలుగు, అట్ల ప్రతి గడికి డబల్ చేసుకుంట పోతే 64 గడులల్ల మొత్తం గింజలు 18446744073709551615 అయితయి. ఆ పలకకు ఇంకో మూడు గడులు అతికిచ్చి 67 గడులు చేసినమనుకోండ్రి. అప్పుడు మొత్తం గింజలు పైన రాసిన మన 21 అంకెల నంబరు. లెక్కల భాషల 2⁶⁷ − 1. అంటే రెండును 67 సార్లు గుణించి, ఒకటి తీసేసుడు.

వెయ్యి వడ్ల గింజలు 20 గ్రాములు తూగుతయనుకుంటే, ఈ గింజలన్నీ కలిపి దగ్గర దగ్గర 3 లక్షల కోట్ల టన్నులు. ఇయ్యాల ప్రపంచం మొత్తం ఒక ఏడుకు పండిచ్చే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. ఇదే తీరుగ పండిచ్చుకుంట పోతే మూడు వేల ఏండ్లకు పైన పడ్తది. గంత పెద్దది.

ఇప్పుడు అసలు సవాలు: ఈ నంబరు ప్రధాన సంఖ్యనా, కాదా?

ప్రధాన సంఖ్య అంటే బడిల చదివిందే. 1తోని, దానితోని తప్ప ఇంక దేనితోని శేషం లేకుంట భాగించరానిది. 7, 23, 89 ప్రధాన సంఖ్యలు. 91 కాదు, అది 7 × 13.

2ను కొన్నిసార్లు గుణించి ఒకటి తీసేసే సంఖ్యలకు ఒక కథ ఉన్నది. 2² − 1 = 3, 2³ − 1 = 7, 2⁵ − 1 = 31, 2⁷ − 1 = 127. నాలుగూ ప్రధాన సంఖ్యలే. పైన పెట్టిన 2, 3, 5, 7 కూడా ప్రధాన సంఖ్యలే. "అరే, పైన ప్రధాన సంఖ్య పెడ్తె కింద ప్రధాన సంఖ్య వస్తది" అని ఎవలికైనా అనిపిస్తది. ఆగుండ్రి. 11 పెట్టి చూడుండ్రి. 2¹¹ − 1 = 2047. ఇది 23 × 89. నాలుగు సార్లు నిజమైంది ఐదోసారి బొక్కబోర్ల పడ్డది. నాలుగు ఉదాహరణలు చూసి సూత్రం అనుకుంటే ఇట్లనే అయితది.

ఫ్రాన్సుల మారిన్ మెర్సెన్ అనే ఒక క్రైస్తవ సన్యాసి ఉండె. ఆ కాలపు పెద్ద పెద్ద పండితులందరితోని ఉత్తరాలు నడిపిన మనిషి. 1644ల తన పుస్తకంల ఒక జాబితా రాసిండు. 257 దాకా చూస్తే 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 పెట్టినప్పుడు మాత్రమే ప్రధాన సంఖ్య వస్తది, మిగిలినయి పెడ్తె రాదు అన్నడు. 67 అందుల ఉన్నది. అంటే మన 21 అంకెల నంబరు ప్రధాన సంఖ్య అని ఆయన మాట. రుజువు? ఇయ్యలేదు.

ఆ కాలంల 21 అంకెల నంబరును ఎవలు భాగించి చూస్తరు? మాట అట్లనే నిలబడ్డది. పది ఏండ్లు కాదు, ఇరవై ఏండ్లు కాదు, 200 ఏండ్లకు పైన.

1876ల ఎడ్వర్డ్ లూకాస్ అనే ఫ్రెంచి లెక్కలాయన ఒక కొత్త దారి పట్టిండు. సంఖ్యను భాగించకుంటనే అది ప్రధానమా కాదా చెప్పే పరీక్ష కనిపెట్టిండు. ఆ దారిని తర్వాత లెమర్ అనే అమెరికాయన సులువు చేసిండు. ఎట్లనో 31 మీద చేసి చూపిస్త. పెన్ను పట్టుండ్రి.

4తోని మొదలువెట్టు. దాన్ని దానితోనే గుణించు, 2 తీసెయ్. 14 వచ్చింది. మల్ల అదే పని: 14 × 14 = 196, రెండు తీసేస్తే 194. 31 కంటే పెద్దగైంది కాబట్టి 31తో భాగించి శేషం ఉంచుకో: 8. మల్ల: 8 × 8 = 64, రెండు తీసేస్తే 62. 31తో భాగిస్తే శేషం 0. 31 అంటే 2⁵ − 1 కదా, 5 లకెల్లి 2 తీసేస్తే 3. మూడు అడుగులల్ల సున్న వచ్చింది, అంటే 31 ప్రధాన సంఖ్య. సున్న రాకపోతే కాదు. 2047కు ఇదే లెక్క చెయ్యుండ్రి, తొమ్మిది అడుగులు పోవాలె. ఆఖర్ల 1736 వస్తది, సున్న రాదు. కాబట్టి ప్రధాన సంఖ్య కాదు.

మన 21 అంకెల నంబరుకు 65 అడుగులు. చేతితోని చేసుడు కష్టమే, కానీ చేయరానిదైతే కాదు. లూకాస్ తన పద్ధతిల చూసి తేల్చిండు: 2⁶⁷ − 1 ప్రధాన సంఖ్య కాదు. మెర్సెన్ మాట తప్పు.

ఇక్కడ ఒక వింత గమనించుండ్రి. ఇది ముక్కలైతదని లూకాస్ రుజువు చేసిండు, కానీ ఆ ముక్కలు ఏందో ఆయనకు తెల్వదు. గోడ అవతల మనిషి ఉన్నడని దగ్గు విని చెప్పినట్టు. ఉన్నడు, ఖాయం. మొఖం మటుకు కనవడలేదు. ఇంకో 27 ఏండ్లు కనవడలేదు గూడ.

1903 అక్టోబర్ 31. న్యూయార్క్‌ల అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ మీటింగు. ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే ప్రొఫెసర్ వంతు వచ్చింది. ఆ దినం ఏం జరిగిందో ఎరిక్ టెంపుల్ బెల్ అనే లెక్కల రచయిత తర్వాత రాసిండు. కోల్ ఒక్క మాట మాట్లాడలేదట. బోర్డు కాడికి పోయి, 2ను 67 సార్లు గుణించి, ఒకటి తీసేసి జవాబు రాసిండు. ఖాళీ ఉన్న జాగాకు జరిగి రెండు సంఖ్యలు రాసిండు:

193707721 × 761838257287

పొడుగు గుణకారం మొదలువెట్టి, ఒక్కో వరుస కిందికి దించి, కూడి, జవాబు రాసిండు. రెండు జవాబులు ఒక్కటే. సప్పుడు చేయకుంట పోయి కూసున్నడు. సభంత చప్పట్లు. ఎవలూ ఒక్క ప్రశ్న అడగలేదట. ఈ రెండు ముక్కలు దొరుకుడుకు ఎన్ని దినాలు పట్టిందని తర్వాత బెల్ అడిగితే, మూడేండ్ల ఐతారాలు పట్టిందని చెప్పిండట. ఈ కథను బెల్ జర మసాలా పెట్టి చెప్పిండేమో అనే మాట గూడ ఉన్నది. ఆ దినం చప్పట్లు ఎంతసేపు కొట్టిండ్రో మనం సరిచూడలేం. కానీ ఆ గుణకారాన్ని మటుకు ఇయ్యాల కూసొని సరిచూడొచ్చు. నాకు కావాల్సింది గదే.

ముందుగాల, కోల్ గుడ్డిగ వెతికిండా? లేదు. ఎక్కడ వెతకాల్నో చెప్పే సూత్రం అప్పటికే ఉండె. ఫెర్మా అనే ఫ్రెంచాయన 1640ల మెర్సెన్‌కే రాసిన ఉత్తరంల చెప్పిండు. దాన్ని 23 మీద చూద్దాం. 2, 4, 8, 16 అని డబల్ చేసుకుంట పో, 23 దాటినప్పుడల్లా 23తో భాగించిన శేషం ఉంచుకో. వరుస ఇట్ల వస్తది: 2, 4, 8, 16, 9, 18, 13, 3, 6, 12, 1. పదకొండో అడుగుల 1 కాడికి వచ్చింది. బతుకమ్మ చుట్టు తిరిగినట్టు, ఇంక ముందుకు పోతే మల్ల అదే వరుస. చుట్టు పొడుగు 11. ప్రధాన సంఖ్య 23 అయినప్పుడు ఆ చుట్టు 22ను సరిగ్గ భాగించాలె అనేది ఫెర్మా సూత్రం. భాగిస్తది కదా, 22 అంటే రెండు పదకొండ్లు. అందుకే 2047ను భాగించే 23కు, 89కి ఇద్దరికీ ఒకటే పోలిక: 23 = 2 × 11 + 1, 89 = 8 × 11 + 1.

అదే లెక్క 67కు పెడ్తె, మన పెద్ద నంబరును భాగించే ఏ ప్రధాన సంఖ్య అయినా 134తో భాగిస్తే 1 మిగలాలె. ఇంకో జల్లెడ గూడ ఉన్నది: దాన్ని 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలె. కోల్ చెప్పిన మొదటి సంఖ్యను చూడుండ్రి. 193707721 లకెల్లి 1 తీసేస్తే 193707720. అది 134 × 1445580. సరిగ్గ పోయింది. 8తో భాగిస్తే 1 మిగులుతది. రెండు జల్లెడలల్ల నిలబడ్డది.

ఈ రెండు జల్లెడలు పట్టినంక గూడ, కింది నుంచి ఒక్కొక్కటే చూసుకుంట పోతే ఆ సంఖ్య కాడికి రావాల్నంటే 7 లక్షలకు పైన సంఖ్యలు. ఒక్కో భాగహారానికి ఐదు నిమిషాలు, ఐతారానికి పది గంటలు అనుకుంటే వంద ఏండ్లకు పైన పడ్తది. కాబట్టి కోల్ ఇంకా సన్నటి జల్లెడలు పట్టిండు. ఏ శేషాలు రావొచ్చు, ఏవి రారాదు అని ముందే తేల్చుకొని, కుప్పలు కుప్పలుగ పక్కకు నూకిండు. అయినా మూడేండ్ల ఐతారాలు.

ఇప్పుడు సరిచూసుడు. మొన్న నేను ఒక పొద్దుమూకి కూసొని చేసిన. 193707721ల తొమ్మిది అంకెలు ఉన్నయి. ఒకటి సున్న, అది వదిలెయ్. 7 మూడుసార్లు, 1 రెండుసార్లు వచ్చింది. అంటే పెద్ద సంఖ్యను 1, 2, 3, 7, 9 తోని గుణించుకుంటే చాలు:

1తో: 761838257287
2తో: 1523676514574
3తో: 2285514771861
7తో: 5332867801009
9తో: 6856544315583

వీటిని వాటి వాటి స్థానంల ఒక్కో అంకె ఎడమకు జరిపి ఎనిమిది వరుసలు రాసుకొని కూడితే, 147573952589676412927. నాకు ముప్పావు గంట పట్టింది, నడుమ ఒకసారి తప్పి మల్ల కూడిన. ఐదో తరగతి గుణకారం తప్ప ఇంకేం వాడలేదు. మూడేండ్ల ఐతారాల పనిని ఒక పొద్దుమూకి సరిచూసిన.

ఇంకా అలకటి పరీక్ష ఒకటున్నది, పాత పంతుళ్లు తొమ్మిదులు తీసేసుడు అనేటోళ్లు. ఒక సంఖ్య అంకెలన్నీ కూడు, ఒక్క అంకె మిగిలేదాక కూడు. 193707721 అంకెల మొత్తం 37, అంటే 10, అంటే 1. రెండోదాని మొత్తం 64, అంటే 10, అంటే 1. ఒకటి ఒకట్ల ఒకటి. మరి జవాబు అంకెల మొత్తం? 109, అంటే 10, అంటే 1. కలిసింది. కానీ ఖబడ్దార్: ఇది కలవకపోతే గుణకారం తప్పని ఖాయం, కలిస్తే కరెక్టని ఖాయం కాదు. రెండు అంకెలు అటు ఇటు మారితే ఈ పరీక్షకు తెల్వది. ఏ పరీక్ష ఎంతవరకు చెప్తదో తెలుసుకునుడు గూడ లెక్కల భాగమే.

ఇప్పుడు అవ్వ కాడికి వద్దాం. ఇదే నంబరును మామూలుగ ఎక్సెల్‌ల ఎక్కియ్యుండ్రి. ఏం ఉంచుకుంటదో తెలుసా? 147573952589676000000. ఆఖరి ఆరు అంకెలు, 412927, మింగేసింది. కోల్ మూడేండ్లు కష్టపడి పగలగొట్టిన సంఖ్య ఎక్సెల్‌ల పడంగనే 2తో పోతది, 5తో పోతది, 10తో పోతది. ఎందుకంటే అది ఇంక ఆ సంఖ్యనే కాదు, దాని దగ్గరి చుట్టం. సుమారు ఎంత అని తెలిస్తే చాలనుకున్న కాడ చుట్టంతోని పని నడుస్తది. వడ్ల టన్నులకు సుమారు చాలు. ఖాతా నంబరుకు, ప్రధాన సంఖ్యకు సుమారు అనేది ఉండదు. ఒక్క అంకె మారితే వేరే మనిషి, వేరే సంఖ్య. అవ్వకు జరిగింది సరిగ్గ ఇదే. "సిస్టంల కరెక్టే" అన్నోళ్లు అబద్ధం చెప్పలేదు. సిస్టం చుట్టాన్ని చూపిచ్చింది, వాళ్లు అసలు మనిషి అనుకున్నరు.

మెర్సెన్ జాబితా ఆఖరికి ఏమైందో చెప్పాలె. ఐదు తప్పులు తేలినయి. 67, 257 అందుల ఉండరాదు. 61, 89, 107 ఉండాలె, ఆయన వదిలేసిండు. పూర్తిగ సరిచూసుడు అయ్యేసరికి 1947 వచ్చింది, మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడు. 1644 నుంచి 303 ఏండ్లు. ఈ తప్పులు పట్టినోళ్లు ఎవలో చూస్తే నాకు మస్తు సంబురమైతది. 61 ముచ్చట 1883ల తేల్చింది ఇవాన్ పెర్వుషిన్, రష్యాల పల్లెటూరి చర్చి ఫాదర్. 2⁶¹ − 1, అంటే 2305843009213693951 ప్రధాన సంఖ్య అని చేతితోని లెక్క చేసి చూపిచ్చిండు. 89, 107 తేల్చింది రాల్ఫ్ పవర్స్, అమెరికాల రైల్వే కంపెనీల నౌకరీ చేసుకునేటాయన. ఒకరు ఊరి చర్చిల, ఒకరు రైల్వేల, ఒకరు ఐతారం సెలవు దినం. మెర్సెన్ పెద్ద మనిషే, జ్ఞానం పంచినోడే. ఆయనను తిట్టుడు నా ఉద్దేశం కాదు. అయినా పెద్ద మనిషి మాట ఒక దిక్కు, ఊరి ఫాదర్ రుజువు ఒక దిక్కు ఉంటే, లెక్కల్ల రుజువే నిలబడ్తది.

ఇదంతా పాత కథ, మనకేం పని అంటరా? మీ జేబుల ఫోను తీయుండ్రి. బ్యాంకు వెబ్‌సైట్ తెరిస్తే పైన తాళం బొమ్మ ఉంటది కదా. అట్లాంటి తాళాలు చానావాటి వెనుక ఉన్నది కోల్ కథనే. 1977ల రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అనే ముగ్గురు ఈ సంగతిని తాళం చేసిండ్రు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలు తీసుకొని గుణించుడు క్షణంల పని. జవాబును మాత్రమే చూపిచ్చి, ఆ రెండూ ఏందో చెప్పు అంటే మటుకు చచ్చేంత పని. ఆ ఏడే వాళ్లు 129 అంకెల సంఖ్య ఒకటి ప్రపంచం ముందట పెట్టి పగలగొట్టుమన్నరు. 1994ల సుమారు 600 మంది ఇంటర్నెట్ల కలిసి, తమ కంప్యూటర్లు ఇచ్చి పగలగొట్టిండ్రు. 2020ల 250 అంకెలది పగిలింది. ఇయ్యాల వాడే తాళాలల్ల చానా వరకు 617 అంకెలవి. అంత పెద్దది ఇప్పటిదాక ఎవలూ పగలగొట్టి చూపలేదు.

అందుకే తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, మన ఊర్లల్ల ఖాతాల పైసలు పోయిన ముచ్చట విన్నప్పుడు ఒకటి యాదిపెట్టుకోండ్రి. దొంగ 617 అంకెల సంఖ్యను పగలగొట్టి రాడు. ఫోన్ చేసి ఓటీపీ అడుగుతడు. తాళం గట్టిగనే ఉన్నది, తాళంచెవి మనమే చేతుల పెడ్తున్నం. అవతలోడు ఎంత పెద్ద ఆఫీసు పేరు చెప్పినా, ఓటీపీ చెప్పకుండ్రి.

ఇంకో నిజం గూడ దాచొద్దు. పెద్ద సంఖ్యను ముక్కలు చేసుడు ఎప్పటికీ కష్టమే అని ఎవలూ రుజువు చేయలేదు. ఇప్పటిదాక అలకటి దారి దొరకలేదు, గంతే. 1994ల పీటర్ షోర్ అనే ఆయన, క్వాంటం కంప్యూటర్ పెద్దది తయారైతే ఈ ముక్కలు చేసుడు జల్దిగ అయితదని చూపిచ్చిండు. అంత పెద్దది ఇంకా రాలేదు, అయినా కొత్త తాళాలు తయారు చేసుడు ఇప్పటికే మొదలైంది. ప్రధాన సంఖ్య అవునా కాదా అని చెప్పుడు మటుకు ఎంత పెద్ద సంఖ్యకైనా జల్దిగనే చేయొచ్చని రుజువైంది. ఆ రుజువు 2002ల మన దేశంలనే, ఐఐటీ కాన్పూర్‌ల వచ్చింది. మణీంద్ర అగ్రవాల్, ఆయన దగ్గరి ఇద్దరు పోరగాండ్లు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. ఆ ఇద్దరూ అప్పుడే బీటెక్ అయిపోయినోళ్లు.

లెక్కలంటే భయమని చానామంది అంటరు. నాకూ ఉండె. ఇప్పుడు నాకు సమజైన సంగతి, మనల్ని భయపెట్టింది లెక్కలు కాదు, "నీకు తెల్వది, నేను చెప్పింది వినుకో" అనే గొంతు. బడిల పంతులు గొంతు కావొచ్చు, ఫైనాన్సోని గొంతు కావొచ్చు, ఆఫీసు కిటికీ లోపలి గొంతు కావొచ్చు. లోను ఎట్ల తయారు చెయ్యాల్నో నీకు తెల్వకపోవచ్చు. కంతులన్నీ కూడి ఎంత కడ్తున్నవో చూసుకునుడు నీ చేతుల పని. లిస్టు ఎట్ల తయారైందో తెల్వకపోవచ్చు. నీ ఖాతా నంబరు అంకె అంకె పోల్చుకునుడు నీ వేలు చేసే పని. అందుకే ఏ ఆఫీసుకు పోయినా "కరెక్టే" అనే మాట తీసుకొని తిరిగి రాకుండ్రి. కాయితం అడుగుండ్రి, అచ్చు తీసియ్యమనుండ్రి, పక్కకు పాస్‌బుక్కు పెట్టుకొని చదువుండ్రి.

ఈ ఐతారం ఒక పని చెయ్యుండ్రి. 2²³ − 1 అంటే 8388607. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య 46తో భాగిస్తే 1 మిగలాలె. మొదటి అడుగులనే దొరుకుతది. అది అయిపోతే 2²⁹ − 1 పట్టుండ్రి, 536870911. ఇక్కడ 58తో భాగిస్తే 1 మిగలాలె, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలె. మొత్తం మూడు ప్రధాన సంఖ్యలున్నయి. దొరికినంక మల్ల మూడింటిని గుణించి, అంకె అంకె సరిచూసుకోండ్రి.

అవ్వ పైసలు పడ్డయి. తక్కిన పదకొండు మందికీ పడ్డయి. మొన్న బస్టాండుల కలిసినప్పుడు కొత్త లిస్టు జిరాక్స్ చేతుల పట్టుకొని ఉన్నది. మనుమరాలిని పక్కన కూసోబెట్టుకొని, ఒక్కొక్క అంకె సదివిపిస్తున్నది.